ఆకృతి దిద్దిన కాంతి పల్సులు, అణువుల సడలింపు

కాంతిని పీల్చుకున్న అణువు ఆ శక్తిని ఎక్కువసేపు దాచుకోలేదు. ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగబాకిన మరుక్షణం నుంచే కిందికి దిగే దారులు తెరుచుకుంటాయి. కొంత శక్తి మళ్లీ కాంతిగా వెలువడుతుంది. కొంత అణువులోని బంధాల కంపనాలుగా మారుతుంది. మిగిలింది పక్కనున్న అణువులకు వేడిగా చేరిపోతుంది. ఉత్తేజం పొందిన అణువు ఇలా మామూలు స్థితికి రావడాన్ని భౌతిక, రసాయన శాస్త్రాల్లో సడలింపు అంటారు. అది ఎంతసేపట్లో జరిగింది, ఏ దారిలో జరిగింది అన్నదాన్ని బట్టే చాలా సంగతులు తేలుతాయి. అద్దకపు రంగు ఎండకు వెలిసిపోవడం, ఆకు మీద పడ్డ వెలుగు చక్కెర తయారీకి అక్కరకు రావడం, ఒక గాజు లేజర్‌కు పనికిరావడం, ఇవన్నీ చివరికి సడలింపు లెక్కలే.

ఆ లెక్కల్లో కాలం కొలతలు ఒకదానికొకటి పొంతన లేనంత దూరంగా ఉంటాయి. ఉత్తేజిత సోడియం పరమాణువు సుమారు 16 నానోసెకన్లలో, అంటే సెకనులో వంద కోట్లో వంతులు ఒక 16 గడిచేలోగా, పసుపు కాంతిని వదిలి కిందికి దిగుతుంది. ఫాస్ఫేట్ గాజులో చిక్కుకున్న నియోడిమియం అయాన్‌కు అదే పనికి సుమారు 300 మైక్రోసెకన్లు పడుతుంది. నీటి అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్‌ల మధ్య బంధం కంపిస్తే ఆ కంపనశక్తి 200 ఫెమ్టోసెకన్ల పాటు నిలవడమే గొప్ప. సెకనును కోటి కోట్ల భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్లీ పదిగా కోస్తే వచ్చే ముక్క ఒక ఫెమ్టోసెకను. ఈ మూడు ఉదాహరణల్లో మొదటి రెండూ తిరుపతి చుట్టుపక్కల పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేసినవే. మూడోదాన్ని పట్టుకోవడానికి మాత్రం కాంతి పల్సులను వరుసలుగా పేర్చి, ఒక్కోదాని ఆకృతిని ముందే దిద్దుకునే విద్య అవసరమైంది.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, పాకాల మండలంలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1998లో జపాన్ సహకారంతో ఒక లైడార్‌ను నెలకొల్పారు. రేడియో తరంగాలతో రాడార్ చేసే పనిని లైడార్ కాంతితో చేస్తుంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ పల్సులను, ఒక్కొక్కటి సుమారు 7 నానోసెకన్ల నిడివితో, సెకనుకు 20 చొప్పున అది నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపింది. 30 కిలోమీటర్లు దాటాక దుమ్ము, పొగ దాదాపు ఉండవు. అక్కడి నుంచి వెనక్కి వచ్చే వెలుగంతా గాలి అణువులు చెదరగొట్టినదే. దాని బలం ఎత్తును బట్టి ఎలా తగ్గుతోందో చూసి, సుమారు 80 కిలోమీటర్ల దాకా గాలి సాంద్రతనూ, దాన్నుంచి ఉష్ణోగ్రతనూ లెక్కగడతారు.

2005లో ఇక్కడే సోడియం లైడార్ పరిశీలనలు మొదలయ్యాయి. భూమికి 80 నుంచి 105 కిలోమీటర్ల ఎత్తులో, కాలి రాలిపోయే ఉల్కల నుంచి వచ్చిన సోడియం పరమాణువుల పొర ఒకటి పలచగా పరుచుకుని ఉంటుంది. 589 నానోమీటర్ల లేజర్ పల్స్ ఆ పొరను తాకితే పరమాణువులు దాన్ని పీల్చుకుని, అదే రంగులో తిరిగి వదులుతాయి. ఇది అచ్చంగా సడలింపే. కాకపోతే ఇక్కడ దాన్ని కొలవాల్సిన పని లేదు. లైడార్ తన లెక్కను 300 మీటర్ల మెట్లుగా విభజించుకుంటుంది. 16 నానోసెకన్ల ఆలస్యం వల్ల ఎత్తులో వచ్చే తేడా రెండున్నర మీటర్ల లోపే. అంటే గాదంకి పరికరం సోడియం సడలింపును వాడుకుంటుంది, దాని కాలాన్ని మాత్రం పట్టించుకోదు. కొలవదలచిన కాలం కన్నా పల్స్ పొడవుగా ఉన్నా, గడియారం మెట్టు పెద్దదైనా సడలింపు వివరం కంటికి ఆనదు.

ఆ కాలాన్నే కొలిచే పని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో దశాబ్దాలుగా సాగుతోంది. 1954లో తిరుపతిలో మొదలైన ఈ విశ్వవిద్యాలయంలో రేర్ ఎర్త్ మూలకాలు కలిపిన గాజుల వర్ణపటాల మీద ఒక పరంపరే ఉంది. ఎస్.వి.జె. లక్ష్మణ్, సి.కె. జయశంకర్ వంటి ఆచార్యులు, వారి విద్యార్థులు ఈ గాజుల మీద రాసిన పరిశోధన పత్రాలు అంతర్జాతీయ పత్రికల్లో విరివిగా కనిపిస్తాయి. పద్ధతి చూడ్డానికి సులువు. ఫాస్ఫేట్, బోరేట్, టెల్యురైట్ వంటి పదార్థాలను మూసలో కరిగించి, నియోడిమియం, యూరోపియం, డిస్ప్రోసియం వంటివి కాస్త కలిపి, పోతపోసి గాజు బిళ్ల చేస్తారు. దాన్ని ఒక కాంతి పల్స్‌తో ఉత్తేజపరిచి, ఆ పల్స్ ఆగిపోయాక గాజు వెలుగు ఎలా సన్నగిల్లుతోందో నమోదు చేస్తారు.

సన్నగిల్లే తీరులోనే అసలు సంగతులన్నీ ఉంటాయి. నియోడిమియం అయాన్ లేజర్ కాంతిని ఇచ్చే పై స్థాయికీ, దాని కింది స్థాయికీ మధ్య ఎడం తరంగసంఖ్యల్లో చెప్పాలంటే సుమారు 5,500. ఈ ఎడాన్ని కాంతి రూపంలో కాక గాజు కంపనాల రూపంలో దాటవచ్చు. బోరేట్ గాజులో అతిపెద్ద కంపనం దాదాపు 1,400. అంటే నాలుగు అంగలు చాలు. ఫ్లోరైడ్ గాజులో అది సుమారు 500 కాబట్టి పది, పదకొండు అంగలు కావాలి. అంగలు పెరిగేకొద్దీ ఆ దారిలో దిగే అవకాశం ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ఒకే నియోడిమియం బోరేట్ గాజులో చప్పున ఆరిపోతుంది, ఫ్లోరైడ్ గాజులో నిలకడగా వెలుగుతుంది. ఫాస్ఫేట్ ఈ రెండింటికీ నడుమ ఉన్నా, పెద్ద పలకలుగా పోయడానికి వీలైనది కావడంతో భారీ లేజర్లకు అదే రాజ్యమేలుతోంది.

నియోడిమియం శాతాన్ని పెంచితే ఇంకో చిక్కు వస్తుంది. ఉత్తేజిత అయాన్ తన శక్తిలో సగాన్ని పక్కనున్న అయాన్‌కు అంటగడుతుంది. ఇద్దరూ మధ్య స్థాయిల్లో పడి, వెలుగు లేకుండానే కిందికి జారిపోతారు. అప్పుడు వెలుగు తరిగే గీత ఒకే లెక్కలో నడవదు. మొదట్లో వేగంగా పడిపోయి, తర్వాత నెమ్మదిస్తుంది. పక్కనే జోడీ ఉన్న అయాన్లు ముందే ఆరిపోతాయి, ఒంటరివి ఆలస్యంగా ఆరతాయి. ఈ వంకర గీతను చదవడానికి 1965లో ఇనోకుటి, హిరాయామా ఇచ్చిన సూత్రం తిరుపతి పరిశోధన పత్రాల్లో పదేపదే కనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పింది ఒకే ఒక పల్స్‌తో అయ్యే పని. శక్తి ఎప్పుడు ఖాళీ అయిందన్నది అది చెబుతుంది. అయితే సడలింపుకు ఇంకో ముఖం ఉంది. లేజర్ పల్స్ పడిన క్షణంలో అణువులన్నీ ఒకే తాళంలో ఊగడం మొదలుపెడతాయి. కాంతి తరంగం ఎలా ఊగితే ఎలక్ట్రాన్లూ అలాగే. ఆ తాళాన్ని దశ అంటారు. చుట్టూ ఉన్న అణువులు ఢీకొట్టడం, తోయడం, లాగడం వల్ల ఒక్కో అణువు దశ తప్పుతుంది. శక్తి ఇంకా అణువులోనే ఉన్నా, అందరి మధ్య పొందిక చెదిరిపోతుంది. శక్తి ఖాళీ అయ్యే కాలం ఒకటి, దశ చెదిరే కాలం మరొకటి. ద్రవాల్లో ఈ రెండోది దాదాపు ఎప్పుడూ పొట్టిదే. అణువు తన చుట్టుపక్కల వాటితో ఎలా మసలుతోందో తెలిపేది కూడా అదే.

దశ చెదిరే వేగాన్ని వర్ణపటంలో గీత వెడల్పు నుంచి చదవవచ్చని అనిపిస్తుంది. వేగంగా చెదిరితే గీత వెడల్పవుతుంది, నిజమే. చిక్కేమిటంటే గీత వెడల్పు కావడానికి వేరే కారణం కూడా ఉంది. గాజులో గానీ ద్రవంలో గానీ ఏ రెండు అణువుల పరిసరాలూ అచ్చు ఒకేలా ఉండవు. ఒక్కోటీ కాస్త తేడా పౌనఃపున్యంతో ఊగుతుంది. వాటన్నిటి గీతలూ పక్కపక్కన చేరి ఒక వెడల్పాటి పట్టీగా కనబడతాయి. అందులో నిజంగా చెదిరిన దశ ఎంత, కేవలం తేడాల వల్ల వచ్చిన వెడల్పు ఎంత అన్నది మామూలు వర్ణపటం ఎన్నిసార్లు తీసినా తేలదు. రెండింటినీ విడదీయడానికి ఒక పల్స్ చాలదు. కనీసం రెండు కావాలి.

అలిపిరి మెట్ల దగ్గర ఒక గుంపు భక్తులు ఒకే క్షణంలో నడక మొదలుపెట్టారని అనుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఎవరి నడక వారిది, కానీ ఎవరికి వారు ఒకే వేగం తప్పకుండా ఎక్కుతున్నారు. గంట గడిచేసరికి గుంపు మెట్ల పొడవునా చెల్లాచెదురవుతుంది. అప్పుడు ఒక ఈల మోగితే అందరూ వెనుదిరిగి అదే వేగంతో దిగాలి. (దిగేటప్పుడు కాళ్లు వేగం పుంజుకుంటాయన్న సంగతి ఇక్కడ పక్కన పెట్టాలి.) సరిగ్గా మరో గంటకు గుంపంతా అలిపిరిలో ఒక్కసారే చేరుతుంది. వేగాల తేడా వల్ల వచ్చిన చెల్లాచెదురు పూర్తిగా సర్దుకుపోయింది. గాలిగోపురం దగ్గర కాసేపు కూలబడినవారు, దారిలో వేగం మార్చినవారు మాత్రం వేళకు రారు. ఎంతమంది తప్పిపోయారో లెక్కపెడితే నిజమైన చెదురుబాటు ఎంతో తెలిసిపోతుంది.

అణువుల విషయంలో మొదటి పల్స్ అందరినీ ఒకేసారి బయల్దేరదీస్తుంది. రెండో పల్స్ ఈల. రెండు పల్సుల మధ్య ఎంత వ్యవధి ఉందో, రెండోదాని తర్వాత మళ్లీ అంతే వ్యవధికి పదార్థం తనంతట తానే ఒక చిన్న కాంతి మెరుపును వెలువరిస్తుంది. దాన్ని కాంతి ప్రతిధ్వని అంటారు. వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుతూ ఆ మెరుపు ఎంత బలహీనపడుతోందో చూస్తే దశ చెదిరే కాలం బయటపడుతుంది. ఈ ఉపాయాన్ని మొదట 1950లో ఎర్విన్ హాన్ పరమాణు కేంద్రకాల మీద, రేడియో పల్సులతో చూపించాడు. కాంతితో అదే పనిని 1964లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కర్నిట్, అబెల్లా, హార్ట్‌మన్ కెంపు స్ఫటికం మీద చేశారు. స్ఫటికాన్ని ద్రవ హీలియంతో చల్లబరిచి, రెండు కెంపు లేజర్ పల్సులను దాని మీదికి పంపారు. మూడో పల్స్‌ను ఎవరూ పంపలేదు, కానీ పరికరం తెర మీద మూడో మెరుపు కనబడింది.

అతిశీతలంలో దశ ఎంతసేపు నిలవగలదో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. యూరోపియం అయాన్లను ఇట్రియం సిలికేట్ స్ఫటికంలో ఉంచి హీలియం చల్లదనానికి తెస్తే కాంతి దశ రెండు మిల్లీసెకన్లకు పైగా నిలిచిందని 1994లో కొలిచారు. తిరుపతి గాజుల్లో ఉండేదీ అదే యూరోపియమే. కానీ గది వేడిమిలో, గాజులో, వెలుగు మిల్లీసెకన్లు నిలిచినా దశ మాత్రం అంతకు ఎన్నో రెట్లు ముందే చెదిరిపోతుంది.

హాన్ పనిచేసిన కేంద్రక అయస్కాంత అనునాద శాస్త్రం, వైద్యశాలల్లో ఎమ్మారై స్కాన్‌కు మూలమైనది, పల్సుల వరుసలను ఒక కళగా పెంచింది. ఎన్ని పల్సులు, ఎంత ఎడంతో, ఏ దశతో, ఏ ఆకృతితో అన్నదాన్ని మార్చి మార్చి, కావలసిన సమాచారాన్ని మాత్రమే బయటికి లాగడం అందులో మామూలైపోయింది. రేడియో పల్సులకు మైక్రోసెకన్ల నిడివి ఉంటుంది కాబట్టి ఎలక్ట్రానిక్స్‌తో వాటికి ఏ ఆకృతైనా ఇవ్వవచ్చు. కాంతితో అదే చేయాలని 1980ల మొదట్లో కాల్టెక్‌లో వారెన్ వారెన్, అహ్మద్ జెవైల్ ప్రయత్నించారు. జెవైల్‌కు 1999లో రసాయన నోబెల్ వచ్చింది ఫెమ్టోసెకను రసాయన శాస్త్రానికే. వారెన్ ప్రిన్స్‌టన్ చేరి, పల్స్ ఆకృతి మీదే తన పనిని కేంద్రీకరించాడు.

ఆకృతి ఎందుకంత ముఖ్యం? రాడార్ దగ్గర చూస్తే జవాబు సులువుగా దొరుకుతుంది, ఆ రాడార్ గాదంకిలోనే ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1990ల మొదట్లో సిద్ధమైంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న స్థలంలో 1,024 యాగి యాంటెనాలు బారులు తీరి ఉంటాయి. 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో, మొదట్లో గరిష్ఠంగా 2.5 మెగావాట్ల శక్తితో పల్సులను పైకి పంపి, గాలిలోని అలజడి నుంచి వచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని వింటుంది. ఒక మైక్రోసెకను పల్స్ పంపితే ఎత్తులో 150 మీటర్ల వివరం దక్కుతుంది, కానీ పల్స్‌లో శక్తి చాలదు. 16 మైక్రోసెకన్ల పల్స్ పంపితే శక్తి 16 రెట్లు, కానీ వివరం 2.4 కిలోమీటర్లకు మొద్దుబారుతుంది.

రెండూ కావాలంటే పొడవాటి పల్స్‌ను 16 ముక్కలుగా భావించి, ఒక్కో ముక్క దశను ముందే నిర్ణయించిన క్రమంలో తిన్నగానో తలకిందులుగానో పెట్టాలి. తిరిగొచ్చిన ప్రతిధ్వనిని అదే క్రమంతో సరిపోల్చితే శక్తి అంతా ఒక మైక్రోసెకను వెడల్పులోకి ముడుచుకుంటుంది. అయితే ఆ శిఖరానికి రెండు పక్కలా చిల్లర బుడిపెలు మిగిలిపోతాయి. 5 కిలోమీటర్ల ఎత్తున ఉన్న బలమైన ప్రతిధ్వని తాలూకు బుడిపె, 6 కిలోమీటర్ల దగ్గరి బలహీనమైన ప్రతిధ్వనిని మింగేయగలదు. దీనికి విరుగుడుగా గాదంకిలో జంట సంకేతాలు వాడతారు. రెండు ముక్కల చిన్న ఉదాహరణ చాలు. మొదటి పల్స్ క్రమం ప్లస్, ప్లస్. దాన్ని దానితోనే జరుపుతూ పోల్చితే 1, 2, 1 వస్తుంది. రెండో పల్స్ క్రమం ప్లస్, మైనస్. దానికి మైనస్ 1, 2, మైనస్ 1 వస్తుంది. రెండూ కలిపితే 0, 4, 0. శిఖరం రెట్టింపైంది, బుడిపెలు తుడిచిపెట్టుకుపోయాయి. పెద్ద జంటలకూ ఇదే న్యాయం.

ఈ జంట సంకేతాలను కనిపెట్టిన మార్సెల్ గోలే వాటిని రాడార్ కోసం ఆలోచించలేదు. అణువుల పరారుణ వర్ణపటాలు తీసే పరికరంలో ఒక చీలికకు బదులు అనేక చీలికలు పెట్టి, ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తూనే స్పష్టత తగ్గకుండా ఎలా చూడాలి అన్న సమస్యతో కుస్తీ పడుతూ 1949లో ఆయన వాటి దాకా వచ్చాడు. గణితంగా పూర్తి రూపం ఇచ్చింది 1961లో. అణువుల వర్ణపటం కోసం పుట్టిన లెక్క రాడార్‌కు చేరి, మరో రూపంలో మళ్లీ అణువుల దగ్గరికే వచ్చిందన్నమాట. శాస్త్రాల మధ్య గోడలు పుస్తకాల్లో కనిపించినంత ఎత్తుగా ఉండవనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

లేజర్ పల్సులకు ఆకృతి దిద్దడంలో ఇంకో అవసరం ఉంది. లేజర్ పుంజం మధ్యలో ప్రకాశం ఎక్కువ, అంచుల్లో తక్కువ. సాదా పల్స్ పంపితే మధ్యలో ఉన్న అణువులు పై స్థాయికి వెళ్లి మళ్లీ కిందికి కూడా వచ్చేస్తాయి, అంచుల్లో ఉన్నవి సగం దారిలోనే ఆగుతాయి. ఈల కొందరికి వినబడి, కొందరికి వినబడనట్టే. పల్స్ నడుస్తుండగా దాని పౌనఃపున్యాన్ని కింది నుంచి పైకి నెమ్మదిగా జార్చితే ఈ తేడా చాలావరకు పోతుంది. ప్రకాశం కొంత అటూ ఇటూ అయినా అణువులన్నీ పై స్థాయికి చేరతాయి. 1992లో వారెన్ బృందం దీన్ని సోడియం ఆవిరి మీద చూపింది. సోడియం పసుపు గీత నిజానికి జంట గీత. పౌనఃపున్యాన్ని ఎరుపు వైపు నుంచి నీలం వైపుకు జార్చితే పరమాణువులు జంటలోని ఒక స్థాయికి, నీలం నుంచి ఎరుపుకు జార్చితే రెండో స్థాయికి చేరాయి. రెండు పల్సుల్లో ఉన్న రంగులు ఒకటే, శక్తి ఒకటే. తేడా అంతా క్రమంలోనే.

ఇక ఆచరణకు వస్తే, వంద ఫెమ్టోసెకన్ల పల్స్ పొడవు 30 మైక్రోమీటర్లు, వెంట్రుక మందం కన్నా తక్కువ. అంత పొట్టి కాంతిని నడుస్తుండగా మలచగల ఎలక్ట్రానిక్స్ ఏదీ లేదు. అందుకని కాలంలో కాకుండా రంగుల్లో మలుస్తారు. పొట్టి పల్స్‌లో అనేక రంగులు కలిసి ఉంటాయి. 800 నానోమీటర్ల దగ్గర వంద ఫెమ్టోసెకన్ల పల్స్‌కు రంగుల వెడల్పు సుమారు 9 నానోమీటర్లు. సన్నని గాడులు చెక్కిన పలక ఆ రంగులను విడదీస్తుంది. ఒక కటకం వాటిని పక్కపక్కన పరుస్తుంది. అక్కడ ఒక తెర పెట్టి, కొన్ని రంగులను తగ్గించి, కొన్నింటిని కాస్త ఆలస్యం చేసి, మరో కటకంతో, మరో పలకతో మళ్లీ కలిపేస్తే బయటికి వచ్చే పల్స్ ఆకృతి మారిపోతుంది. ఒక పల్స్ రెండుగానో మూడుగానో విడిపోవచ్చు, ఒక్కోదాని దశ వేరు కావచ్చు. 1980ల్లో వైనర్, హెరిటేజ్ ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టారు.

తెరగా టీవీల్లో వాడే లాంటి ద్రవస్ఫటికాల వరుసను పెట్టవచ్చు. ప్రిన్స్‌టన్ బృందం 1994లో ఇంకో దారి తొక్కింది. టెల్యూరియం డయాక్సైడ్ స్ఫటికంలోకి రేడియో సంకేతాన్ని పంపి శబ్ద తరంగాన్ని పుట్టించారు. శబ్దం స్ఫటికంలో సెకనుకు సుమారు 4 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. కాంతి దాటే ఆ కాస్త సేపట్లో శబ్దం నిలబడిపోయినట్టే లెక్క. రేడియో సంకేతంలో రాసిన హెచ్చుతగ్గులు స్ఫటికం పొడవునా అచ్చుపడి, అక్కడ పరుచుకున్న రంగుల మీదికి ఎక్కుతాయి. మైక్రోసెకన్ల రేడియో రాత ఫెమ్టోసెకన్ల కాంతికి మూస అవుతుంది. ఆ పత్రం రాసినవారిలో ఇద్దరి పేర్లు చెప్పుకోదగ్గవి. దేబబ్రత గోస్వామి తర్వాత ఐఐటీ కాన్పూర్‌లో ఈ విద్యను కొనసాగించాడు. డోనా స్ట్రిక్‌లాండ్ పొట్టి పల్సులను సాగదీసి, బలం పెంచి, తిరిగి ముడిచే పద్ధతికి 2018లో నోబెల్ అందుకుంది. ఆ పద్ధతికి మూలం కూడా రాడారే.

ఆకృతి చేతికి వచ్చాక పల్సుల వరుసతో అసలు పని మొదలవుతుంది. మూడు పల్సులు పంపారనుకుంటే, పదార్థం నుంచి ఎన్నో రకాల సంకేతాలు కలగాపులగంగా వస్తాయి. కొన్ని ఒక్క పల్స్ వల్ల, కొన్ని రెండింటి వల్ల, కావలసినది మూడూ కలిస్తేనే పుట్టేది. అదే వరుసను ప్రతిసారీ ఒక పల్స్ దశ మార్చి మళ్లీ మళ్లీ పంపి, ఫలితాలను కొన్నింటిని కూడి, కొన్నింటిని తీసివేస్తే అనవసరమైనవి రద్దవుతాయి. గాదంకిలో ప్లస్ ప్లస్, ప్లస్ మైనస్‌లతో బుడిపెలు రద్దైన తీరే ఇది. ఒక తేడా మాత్రం ఉంది. గాలి అలజడి తన దశను జంట పల్సుల మధ్య మిల్లీసెకన్ల పాటు నిలుపుకుంటుంది కాబట్టి రాడార్ తీరిగ్గా ఒకదాని తర్వాత ఒకటి పంపగలదు. ద్రవంలోని అణువుకు అంత ఓపిక లేదు. వరుసలోని పల్సులన్నీ ఫెమ్టోసెకన్ల ఎడంలోనే ముగిసిపోవాలి, వాటి దశల మధ్య పొందిక వాటిలోపలే కుదిరి ఉండాలి. ఒకే పల్స్‌ను మలిచి అన్నింటినీ పుట్టించడంలో లాభం అదే. వేరువేరు అద్దాల మీదుగా వచ్చే పల్సులు గదిలో చిన్న కదలికకే దశ తప్పుతాయి. ఒకే దారిలో వచ్చేవి తప్పవు.

ఇలా తీసిన వర్ణపటం గీతలా కాక పటంలా ఉంటుంది. అడ్డంగా అణువు మొదట ఏ పౌనఃపున్యంతో ఊగిందో, నిలువుగా కొంత వ్యవధి తర్వాత దేనితో ఊగుతోందో ఉంటుంది. మార్పేమీ లేకుంటే గుర్తులన్నీ కర్ణం మీదే పడతాయి. ఒక అణువు శక్తి మరో అణువుకు చేరితే కర్ణానికి పక్కన కొత్త చుక్క పొడుచుకొస్తుంది. పరిసరాల తేడా వల్ల వచ్చిన వెడల్పు కర్ణం వెంట సాగుతుంది, నిజంగా దశ చెదిరినది కర్ణానికి అడ్డంగా కనిపిస్తుంది. మామూలు వర్ణపటంలో కలిసిపోయిన రెండు సంగతులూ ఇక్కడ రెండు దిక్కుల్లో విడిగా పరుచుకుంటాయి. 1998లో ఇలాంటి పటాలు పరారుణ కాంతితోనూ, కంటికి కనిపించే కాంతి దగ్గరి లేజర్లతోనూ వచ్చాయి. శబ్ద తరంగపు మూసతో మలిచిన పల్సులతో 2003లో వారెన్ బృందం రుబీడియం ఆవిరి మీద తీసిన పటం సైన్స్ పత్రికలో వచ్చింది.

నీటి గురించి తెలిసిన కొత్త సంగతులు కొన్ని ఈ పటాల చలవే. ద్రవరూపంలోని నీటిలో ప్రతి అణువూ పక్కవాటితో హైడ్రోజన్ బంధాలతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి బిగువును బట్టి కంపన పౌనఃపున్యం మారుతుంది. అణువు తన మొదటి పౌనఃపున్యాన్ని ఎంతసేపు గుర్తుపెట్టుకుంటుందన్నదే ప్రశ్న. 2005లో నేచర్ పత్రికలో వచ్చిన కొలతలో ఆ జ్ఞాపకం సుమారు 50 ఫెమ్టోసెకన్లలోనే చెరిగిపోయింది. శక్తి ఖాళీ కావడానికి పట్టే 200 ఫెమ్టోసెకన్లలో నాలుగో వంతు. నీరు వేడిని అంత చురుగ్గా ఎలా పంచుతుందో అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది.

వైద్యానికి దగ్గరగా ఉన్న ఉదాహరణ 2008లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. రెండో రకం మధుమేహం ఉన్నవారి క్లోమంలో అమైలిన్ అనే చిన్న ప్రోటీన్ పోగులుగా పేరుకుంటుంది. పోగు కట్టే దశలను వెంటవెంటనే చూడాలి. అద్దాలను ముందుకీ వెనక్కీ జరుపుతూ ఒక్కో పటం తీసేలోగా ప్రోటీన్ ముందుకు వెళ్లిపోతుంది. మార్టిన్ జాన్నీ బృందం జెర్మేనియం స్ఫటికంతో పరారుణ పల్సులను నేరుగా మలిచి, కంప్యూటర్ ద్వారానే వ్యవధులు మార్చి, పోగులు ఏర్పడుతుండగానే పటాలు తీసింది. కదిలే అద్దం లేకపోవడమే అక్కడ కలిసొచ్చింది.

తెలుగు నేల మీద ఫెమ్టోసెకను లేజర్లతో ఎక్కువ పని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అక్కడ రక్షణ పరిశోధన సంస్థ సహకారంతో నడిచిన ఏక్రెమ్ కేంద్రంలో రంగు అణువుల, పేలుడు పదార్థాల అణువుల సడలింపును రెండు పల్సుల పద్ధతిలో చూశారు. మొదటిది ఉత్తేజపరుస్తుంది, కొంత ఆగి వచ్చే రెండోది ఎంత మిగిలిందో చూస్తుంది. తిరుపతికి 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ రావడంతో, ఏర్పేడు ప్రాంగణాల్లో రసాయన, భౌతిక శాస్త్రాలు చదివే విద్యార్థులకు ఈ రంగం దూరపు సంగతి కాకుండా పోయింది. ఎస్వీ విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌టీ రాడార్ అనువర్తనాల కేంద్రం ఒకటి ఉండటం వల్ల పల్స్ సంకేతాల గణితం కూడా ఊరికి కొత్త కాదు.

ఈ ప్రయోగాలకు కావలసిన లేజర్ ఎంత వేగంగా పల్సులు ఇవ్వగలదన్నది కూడా ఒక అయాన్ సడలింపు మీదే ఆధారపడుతుంది. చాలాకాలం రాజ్యమేలిన టైటానియం నీలం స్ఫటికపు లేజర్‌లో టైటానియం అయాన్ 3.2 మైక్రోసెకన్లలో ఆరిపోతుంది. దాన్ని బలంగా నింపాలంటే మరో ఆకుపచ్చ లేజర్ పల్స్ కావాలి. అందుకే సాధారణంగా సెకనుకు వెయ్యి పల్సుల దగ్గరే పని నడిచేది. ఇటర్బియం అయాన్ శక్తిని దాదాపు ఒక మిల్లీసెకను నిలుపుకుంటుంది కాబట్టి చవకైన డయోడ్ లేజర్లతో నింపితే చాలు. ఇటర్బియం లేజర్లు వచ్చాక సెకనుకు లక్ష పల్సులు సాధ్యమయ్యాయి. నిమిషాలు పట్టే పటం సెకన్లలో వస్తోంది. ఆపైన అడ్డుపడేది మలిచే స్ఫటికమే. శబ్దం 4 సెంటీమీటర్ల స్ఫటికాన్ని దాటడానికి సుమారు 10 మైక్రోసెకన్లు పడుతుంది. పాత రాత పూర్తిగా బయటికి వెళ్లిపోతే గానీ కొత్త రాత పడదు. అంటే సెకనుకు లక్షే హద్దు. స్ఫటికాన్ని పొట్టిగా చేస్తే వేగం పెరుగుతుంది, కానీ రంగులను అంత సన్నంగా విడిగా మలచడం కుదరదు. వరుసలోని పల్సుల మధ్య పెట్టగలిగే వ్యవధీ ఆ మేరకు తగ్గుతుంది. ఇప్పుడున్న పరికరాల్లో ఆ వ్యవధి పికోసెకన్లలోనే (వెయ్యి ఫెమ్టోసెకన్లు ఒక పికోసెకను), మహా అయితే కొన్ని పదుల పికోసెకన్ల దాకా. అంతకన్నా నెమ్మదిగా సడలే అణువుల కోసం పాత పద్ధతిలో అద్దాన్ని పట్టాల మీద జరపక తప్పదు.